ఉత్తర వెయ్ చక్రవర్తి షియావ్‌వెన్: జీవితం, భాషాశాసనం

క్రీ.శ. 5వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఉత్తర చీనాను పాలించిన షియావ్‌వెన్ చక్రవర్తి (467–499) ముప్పదిరెండేండ్లు నిండకముందే మరణించాడు. ఆ స్వల్పకాలంలో అతడు రాజధానిని మార్చాడు, వేషాన్ని మార్చాడు, వంశనామాన్ని మార్చాడు, చివరకు తన పూర్వులు మాట్లాడిన భాషనే రాజసభనుండి తొలగించాడు. విజేతల భాష పరాజితులపై పడడం చరిత్రలో పలుమార్లు కనిపించేదే. విజేతయే పరాజితుల భాషను శాసనపూర్వకంగా స్వీకరించి, స్వభాషను సభలో నిషేధించడం మాత్రం అరుదు. ఈ నిర్ణయానికి దారితీసిన కారణాలేవి, దానివల్ల ఆ వంశానికి లభించినదేమి, నష్టమైనదేమి అన్నవి భాషాధ్యయనపరులకు ఆలోచింపదగిన విషయాలు. అందుకు ముందుగా ఆ వంశవృత్తాంతాన్ని సంగ్రహంగా తెలుసుకోవడం అవసరం.

వంశ పూర్వరంగం

చీనా ఉత్తరపు సరిహద్దుల కావల పచ్చికబయళ్లలో పశువులను మేపుకొంటూ, గుడారాలలో నివసించిన సంచారజాతుల సముదాయానికి షియన్‌బెయ్ అని పేరు. షియోంగ్ను జాతివారి సామ్రాజ్యం క్షీణించిన పిదప, క్రీ.శ. 1, 2 శతాబ్దాలలో వీరు ఆ బయళ్లలో విస్తరించారు. ఈ సముదాయంలోని ఒక శాఖ తువోబా వంశం. తమ పూర్వులు ఈశాన్యపు అరణ్యాలలో ఒక శిలాగృహంలో నివసించేవారని వీరి వంశగాథ. 443లో తువోబా చక్రవర్తి ఒకడు ఆ గుహకు దూతలను పంపి పూర్వులకు బలులర్పింపజేసి, ప్రార్థనను శిలపై చెక్కించాడు. అంతర్మంగోలియాలోని గాషియన్ గుహలో ఆ శాసనం 1980లో బయల్పడింది. గాథలోని మూలస్థానం ఇదేనా అన్న విషయంలో పండితులలో భిన్నాభిప్రాయాలున్నా, 5వ శతాబ్దిలో ఆ వంశంవారు అలా విశ్వసించారనడానికి ఈ శాసనమే ప్రబల సాక్ష్యం.

ఈ శాఖ క్రమంగా దక్షిణ పశ్చిమాలకు జరిగి, షెంగ్‌లె ప్రాంతంలో నిలిచి, 4వ శతాబ్ది ఆరంభంలో దాయ్ అనే చిన్న రాజ్యాన్ని నెలకొల్పింది. 376లో ఆ రాజ్యం పొరుగు రాజైన ఫుజియెన్ చేతిలో నశించింది. 383లో ఫెయ్ నదీతీరంలో ఫుజియెన్ పరాజితుడై అతని సామ్రాజ్యం ముక్కలు కాగా, 386లో తువోబా గుయ్ అనే యువకుడు వంశరాజ్యాన్ని పునరుద్ధరించి దానికి వెయ్ అని పేరు పెట్టాడు. 398లో పింగ్‌చెంగ్ నగరాన్ని రాజధానిగా చేసుకొన్నాడు. అది నేటి షాన్షీ రాష్ట్రంలోని దాతోంగ్. 439 నాటికి అతని మనుమడు తాయ్‌వు చక్రవర్తి ఉత్తర చీనానంతటినీ ఏకచ్ఛత్రం క్రిందికి తెచ్చాడు. ఒకటిన్నర శతాబ్దంలోపుననే గుడారాల నాయకులు కోట్లు కట్టిన చక్రవర్తులైనారు.

అయినను రాజ్యస్వరూపంలో ఒక ద్వైధం మిగిలింది. సైన్యం, అశ్వబలం, అధికారం షియన్‌బెయ్ జాతివి. వ్యవసాయం, పన్నులు, లేఖనం చీనావారివి. సైన్యంలో ఆజ్ఞలు ఒక భాషలో, దస్తావేజులు మరొక భాషలో నడిచేవి. ఈ రెండింటినీ కలిపే సంధి ఏదన్నదే షియావ్‌వెన్ పుట్టేనాటికి రాజ్యం ముందున్న ప్రశ్న.

బాల్యం, పితామహి పాలన

షియావ్‌వెన్ 467 అక్టోబరులో పింగ్‌చెంగ్‌లో జన్మించాడు. అతని వ్యక్తినామం హోంగ్. తువోబా వంశంలో క్రూరమైన ఆచారమొకటి ఉండేది. ఏ కుమారుని యువరాజుగా ప్రకటిస్తారో, అతని తల్లిని చంపేవారు. బాలరాజు వెనుక నిలిచి మాతృపక్షంవారు రాజ్యం చేయకూడదని ఈ ఏర్పాటు. 469లో హోంగ్ యువరాజైన సందర్భంలో అతని తల్లి లీ ఈ ఆచారానికి బలియైనది. రెండేండ్ల బాలునికి సింహాసనపు హక్కూ, మాతృహీనతా ఒక్కసారే సంక్రమించాయి.

471లో తండ్రి షియన్‌వెన్ చక్రవర్తి సింహాసనాన్ని విడిచి, నాలుగేండ్ల కుమారునికి పట్టం కట్టాడు. 476లో అతడు మరణించిన పిదప సర్వాధికారం రాజమాత ఫెంగ్ హస్తగతమైంది. ఆమె షియావ్‌వెన్‌కు వరుసకు నాయనమ్మ. తువోబావారు 436లో నిర్మూలించిన ఉత్తర యెన్ రాజ్యపు చీనా రాజవంశంలోని ఆడుబిడ్డ ఆమె. తండ్రి మరణదండనకు గురికాగా బాల్యంలోనే అంతఃపుర దాస్యానికి వచ్చి, తరువాత వెన్‌చెంగ్ చక్రవర్తికి పట్టమహిషియైనది. 465లో భర్త మరణానంతరం అతని వస్త్రాలను, వస్తువులను ఆచారానుసారం దహనం చేస్తున్నప్పుడు ఆమె ఆ మంటలలో దూకగా పరివారం రక్షించినట్లు చరిత్రకారులు వ్రాశారు. మాతృపక్షపు ఆధిపత్యానికి వెరచి తల్లులను చంపిన వంశంలో, తల్లి కాని స్త్రీయే రెండు పర్యాయాలు రాజ్యం నడపడం గమనింపదగినది.

ఫెంగ్ పెంపకం కఠోరమైనది. బాలుని తీక్ష్ణబుద్ధిని చూసి భయపడి, ఒక శీతకాలంలో పలుచని వస్త్రంతో చలిగదిలో మూడు దినాలు నిరాహారంగా నిర్బంధించి, పదభ్రష్టుని చేయదలచినదనీ, మంత్రులు వారించగా విరమించినదనీ వెయ్ రాజ్య చరిత్ర చెప్పుతుంది. ఒక అంతఃపుర సేవకుని కొండెములు విని ఆమె అతనిని కొట్టించినపుడును అతడు మౌనంగా సహించాడట. 490లో ఆమె మరణించినపుడు అతడు ఐదు దినాలు ఆహారం ముట్టలేదు. మంత్రులు వద్దన్నా, చీనా ధర్మగ్రంథాలు విధించిన మూడేండ్ల దీర్ఘ శోకదీక్షను పాటించాలని పట్టుపట్టాడు. ఈ శోకంలో ఎంత ప్రేమ, ఎంత శాస్త్రనిష్ఠ ఉన్నవో విడదీయడం కష్టం. ధర్మగ్రంథాల ప్రకారం జీవించే రాజుగా కనిపించాలన్న సంకల్పం మాత్రం అప్పటికే స్పష్టమైంది.

సంస్కరణలు

షియావ్‌వెన్ పేరిట ప్రసిద్ధమైన సంస్కరణలలో మొదటి భాగం ఫెంగ్ పాలనాకాలానిదే. అంతవరకు ఉద్యోగులకు జీతాలు లేవు. యుద్ధంలో దొరికిన సొత్తూ, ప్రజలనుండి గుంజుకొన్నదీ వారి రాబడి. 484లో జీతాలు ఏర్పరచి, ఆపై లంచగొండులకు మరణదండన విధించారు. 485లో సమభూమి విధానం వచ్చింది. వయస్సు వచ్చిన పురుషునికి 40 మూలు, స్త్రీకి 20 మూలు చొప్పున సాగుభూమి ప్రభుత్వమిచ్చి, వార్ధక్యంలోగాని మరణానంతరంగాని తిరిగి తీసుకొనేది. పట్టుపురుగులకు కావలసిన కంబళిచెట్లు పెంచేందుకిచ్చిన 20 మూలు మాత్రం వంశపారంపర్యం. బానిసలకు, ఎద్దులకు కూడా భూమి లభించడంవల్ల సంపన్నులకు ఈ విధానం ప్రతికూలం కాలేదు. యుద్ధాలలో పాడుబడిన భూములను సాగులోకి తేవడమే ముఖ్యోద్దేశం.

486లో దానికి అనుబంధంగా గ్రామపాలన మారింది. అంతకుముందు పెద్దకుటుంబాల యజమానులు 30, 50 ఇండ్లను ఒకే ఇంటిగా లెక్క చూపి పన్ను ఎగవేసేవారు. ఇప్పుడు 5 ఇండ్లకొకడు, 25 ఇండ్లకొకడు, 125 ఇండ్లకొకడు చొప్పున మూడంతరువుల పెద్దలను నియమించారు. దీనివల్ల ప్రతి ఇల్లు రాజ్యపు లెక్కలోకి వచ్చింది. లెక్కకు లేఖనం కావాలి, లేఖనం చీనా భాషలో ఉన్నది. రాజ్యం గ్రామంలోనికి దిగినకొద్దీ చీనా భాష రాజసభలోనికి ఎక్కింది. పది సంవత్సరాల తరువాత వచ్చిన భాషాశాసనానికి బీజం ఈ లెక్కల పుస్తకాలలో ఉన్నదనడం అసంగతం కాదు.

లువోయాంగ్ ప్రయాణం

పింగ్‌చెంగ్ సరిహద్దు నగరం. ఉత్తరాన రౌరాన్ అనే సంచారజాతి భయం, చుట్టూ చలినేల, కరువు వస్తే ధాన్యం దూరంనుండి రావలసిన స్థితి. 487లో వచ్చిన అనావృష్టి ఈ దుఃస్థితిని బహిర్గతం చేసింది. దక్షిణ చీనాను జయించి దేశమంతటినీ ఏలాలని తలచే రాజుకు నదులతో, సారవంతమైన క్షేత్రాలతో కూడిన మధ్యదేశమే తగిన స్థానం. అక్కడి లువోయాంగ్ ప్రాచీన చీనా వంశాల రాజధాని. 311లో దగ్ధమైనది మొదలు శిథిలంగా పడి ఉన్నది.

అయితే రాజధానిని మారుస్తానంటే షియన్‌బెయ్ ప్రభువులు ఒప్పుకొనరు. అందుచేత షియావ్‌వెన్ దక్షిణ రాజ్యంపై దండయాత్ర అనే మిషను కల్పించాడు. 493లో మూడులక్షలకు పైబడినదని చెప్పబడే సైన్యంతో బయలుదేరి లువోయాంగ్ చేరాడు. నిజమైన ఉద్దేశం అతని పినతండ్రి వరుస బంధువైన తువోబా చెంగ్ వంటి ఒకరిద్దరికే తెలుసు. శిథిలమైన పూర్వరాజుల ప్రాసాదాలను చూసి అతడు కన్నీరు పెట్టాడట. విద్యాపీఠం ఉన్నచోట ధర్మగ్రంథాలను చెక్కిన శిలాఫలకాలను కూడ దర్శించాడు. వానలు విడువకుండా కురుస్తున్నాయి. అయినా యుద్ధకవచం ధరించి గుర్రమెక్కి దక్షిణానికి సాగమని ఆజ్ఞాపించాడు. మంత్రులు గుర్రం ముందు మోకరిల్లి దండయాత్ర మానవలసిందని ప్రార్థించారు. ఇంతటి సైన్యంతో వచ్చి రిక్తహస్తాలతో మరలితే అపహాస్యమవుతుందనీ, యుద్ధం మానవలెనంటే రాజధానినైనా ఇక్కడికి మార్చవలెననీ అతడు నిబంధన పెట్టాడు. యుద్ధభీతి స్థానాభిమానాన్ని మించింది. వారు అంగీకరించారు. 495 నాటికి అంతఃపురం, ప్రభుత్వశాఖలు లువోయాంగ్‌కు తరలివచ్చాయి.

వేష, భాషా, నామ శాసనాలు

494 చివర షియన్‌బెయ్ వేషం నిషిద్ధమైంది. ఇరుకుచేతుల పొట్టి అంగీలకు బదులు చీనా పద్ధతి వస్త్రాలు రావాలి. 495లో భాషాశాసనం వెలువడింది. దీని స్వరూపాన్ని జాగ్రత్తగా గుర్తించాలి. ఉత్తరదేశపు పలుకులను రాజసభలో వాడకూడదన్నది ఆజ్ఞ. ముప్పది యేండ్లు దాటినవారికి అలవాటు ఒక్కసారిగా మారదు గనుక వారికి సడలింపు ఉన్నది. ముప్పదికి లోపలివారు ఉల్లంఘిస్తే పదవిని కోల్పోతారు. ఇండ్లలోని మాటను, సేనల మాటను ఈ శాసనం తాకలేదు. కాని పదవి కోరే ప్రతి యువకుడు ఏ భాష నేర్వవలెనో నిర్ణయించింది. భాషకు మరణశాసనం వ్రాయనక్కరలేదు, ఉద్యోగాన్ని తప్పిస్తే చాలునని అతడెరుగును.

అదే యేట, లువోయాంగ్‌కు వచ్చినవారు మరణిస్తే అక్కడే ఖననం కావలెననీ, ఇకపై వారి జన్మస్థానం లువోయాంగేననీ శాసించాడు. 496లో వంశనామాలు మారాయి. అనేకాక్షరాల షియన్‌బెయ్ పేర్లు ఏకాక్షర చీనా పేర్లైనాయి. బులుగు వంశంవారు లు, హెలాయ్ వంశంవారు హె, దుగు వంశంవారు ల్యూ అయినారు. తువోబా అన్నది యువాన్ అయింది. ఉత్తరభాషలో నేలకు, ప్రభువుకు ఉన్న పేర్ల కలయిక తువోబా అనీ, భూమి సర్వానికి మూలం గనుక మూలార్థకమైన యువాన్ తగిన పేరనీ రాజవంశచరిత్ర వ్యుత్పత్తి చూపుతుంది. ఇది మన నిరుక్తకారుల పద్ధతిని తలపించే అర్థకల్పన. ఆధునికులు దీనిని చారిత్రక నిజంగా గ్రహించడంలేదు. చక్రవర్తి తన ఆరుగురు తమ్ములలో ఐదుగురికి చీనా మహాకుటుంబాల కన్యలను భార్యలుగా విధించి, పూర్వపు భార్యలను ఉపపత్నుల స్థాయికి దించాడు. రాజనీతి అంతఃపురంలో ఎంత నిష్ఠురంగా ప్రవేశించిందో ఇందువల్ల తెలుస్తుంది.

ఈ శాసనకర్తయే మరొక పని చేశాడు. లువోయాంగ్‌కు వచ్చిన షియన్‌బెయ్ ప్రజలకు ఇంకను చీనా రాదు గనుక, పితృభక్తిని బోధించే షియావ్‌జింగ్ అనే చీనా ధర్మగ్రంథపు భావాన్ని షియన్‌బెయ్ భాషలోకి అనువదింపజేసి తన జాతివారికి బోధింపజేశాడని సుయ్ వంశచరిత్రలోని గ్రంథసూచి తెలుపుతుంది. సభలో నిషేధించిన భాషను పాఠంలో వాడుకొన్నాడన్నమాట. స్వభాషపై ద్వేషం అతనికి లేదనడానికి ఇది చాలు. అయితే అనువాదం ఉద్దేశం ఆ భాషను పెంచడం కాదు. దానిని చీనా ధర్మంలోనికి దాటించే తెప్పగా మాత్రమే అతడు ఉపయోగించాడు. ఆ అనువాదం నేడు లభించదు. దానితోపాటు ఆ గ్రంథసూచి పేర్కొన్న ఇతర షియన్‌బెయ్ గ్రంథాలు కూడ నశించాయి.

మిగిలినవి చీనా అక్షరాలలో వ్రాసిపెట్టిన కొద్దిమాటలు. దక్షిణ చీ రాజ్యపు చరిత్రలో తువోబా సభలోని ఉద్యోగుల పేర్లు కొన్ని ఉన్నాయి. లేఖకునికి బిదెజెన్, దుభాషికి చివాన్‌జెన్ అని వాడుక. లేఖకునికి, దుభాషికి మంగోలు భాషలో గల పేర్లతో ఇవి పోలుతాయి. చివరి జెన్ అన్నది, తెలుగులో వేటకాడు, పాటకాడు అనే మాటలలోని కాడు వలె, కర్త్రర్థంలో వచ్చిన ప్రత్యయం. ఈ సామ్యాన్ని బట్టి ఆ భాష మంగోలు భాషకు జ్ఞాతి అని పలువురి నిర్ణయం. భాషను వీడిన సభలో మిగిలిన కొద్దిమాటలలో లేఖకుడు, దుభాషి ఉండడం విశేషం.

పుత్రవిరోధం

భాషాశాసనపు మూల్యం మొదట ఇంటిలోనే చెల్లింపబడింది. యువరాజు షున్ 483లో పుట్టాడు. అతని తల్లిని కూడా పాత ఆచారం ప్రకారం చంపారు. షియావ్‌వెన్ దానిని తప్పింపదలచినా ఫెంగ్ ఒప్పుకొనలేదు. ఆ విధంగా తండ్రీ కొడుకులిద్దరూ ఒకే ఆచారంవల్ల మాతృహీనులు. షున్ స్థూలకాయుడు. లువోయాంగ్ ఎండలు భరించలేకపోయేవాడు. చదువుపై ఆసక్తి లేదు. తండ్రి ఇచ్చిన చీనా వస్త్రాలను పక్కనపెట్టి రహస్యంగా పాత వేషం వేసేవాడు. 496లో తండ్రి నగరంలో లేని సమయం చూసి, మందలించిన తన ఉద్యోగిని చంపి, గుర్రాలతో పింగ్‌చెంగ్‌కు పారిపోజూచాడు. కోటద్వారాలు మూయించడంతో ఆ యత్నం విఫలమైంది. షియావ్‌వెన్ తిరిగివచ్చి స్వహస్తాలతో కొడుకును కొట్టాడు. పదవినుండి తొలగించి నిర్బంధించాడు. 497లో విషపానం విధించాడు. అప్పటికి ఆ బాలుని వయస్సు చీనా లెక్కలో 15 సంవత్సరాలు.

అదే సమయంలో పింగ్‌చెంగ్‌లో ము తాయ్, లు రుయ్ అనే పూర్వప్రభువులు తిరుగుబాటుకు యత్నించారు. ఆ కుట్ర త్వరగా అణగింది. చలికాలం లువోయాంగ్‌లో, వేసవి ఉత్తరదేశంలో గడపడానికి కొందరు నాయకులకు చక్రవర్తి అనుమతి ఇచ్చాడు. ఋతువును బట్టి ఎగిరే పక్షులను తలచి వారిని అడవిబాతు మంత్రులని లోకులు పిలిచారు. పరాయి నాయకులకు ఇచ్చిన ఈ సడలింపు కన్నకొడుకుకు లభించలేదు. వేసవి వేడిమిని భరించలేనివారు ఎందరో ఉన్నారు. యువరాజు ఒక్కడే పాతదేశానికి పతాక కాగలవాడు. అందుచేతనే దండన అంత కఠినమైనది.

బౌద్ధధర్మాభిమానం

తువోబా వంశంలో తాయ్‌వు చక్రవర్తి 440లలో బౌద్ధాన్ని హింసించగా, అతని మనుమడు వెన్‌చెంగ్ పునరుద్ధరించాడు. 460 నుండి పింగ్‌చెంగ్ సమీపంలో యున్‌గాంగ్ గుహలలో మహాబుద్ధవిగ్రహాలు వెలిశాయి. షియావ్‌వెన్ రాజ్యారంభంలో దేశంలో 77,258 మంది భిక్షువులు, భిక్షుణులు ఉన్నట్లు రాజ్యచరిత్ర లెక్క చెప్పుతుంది. రాజధాని మారిన తరువాత లువోయాంగ్ దక్షిణాన లోంగ్‌మెన్ కొండలో గుహాశిల్పం ఆరంభమైంది. 495లో సోంగ్ పర్వతంపై, చీనావారు బాతువో అని పిలిచిన భారతీయ భిక్షువు కొరకు చక్రవర్తి కట్టించిన విహారమే షావోలిన్.

హరివర్మ రచించిన సత్యసిద్ధిశాస్త్రం అతనికి ప్రీతిపాత్రమైన గ్రంథం. దానిని చీనాలోకి తెచ్చినవాడు కుమారజీవుడు. నాగార్జునుని మధ్యమకశాస్త్రాన్ని చీనావారికి అందించినదీ అతడే. కుమారజీవుడు నివసించిన చోట స్మారకస్తూపం నిర్మించవలసిందని షియావ్‌వెన్ 497లో ఆదేశించాడు. తన కుమారుని మరణానికి కారకుడైన సంవత్సరంలోనే అనువాదకునికి స్తూపమెత్తించాడు. సంస్కృత గ్రంథాలు చీనాలో నిలిచినవి అనువాదంవల్లనే అని అతడెరుగును. తన జాతిభాషకు అటువంటి అనువాదకుని, అటువంటి గ్రంథరాశిని సమకూర్చాలన్న ఆలోచన మాత్రం అతనికి కలుగలేదు.

మరణం, అనంతర పరిణామం

షియావ్‌వెన్ చివరి సంవత్సరాలు దక్షిణ చీ రాజ్యంతో యుద్ధాలలో గడిచాయి. 497, 498 సంవత్సరాలలో నాన్‌యాంగ్ ప్రాంతాన్ని జయించాడు. దేశమంతా ఏలాలన్న కోరిక తీరలేదు. 499 ఆరంభంలో లువోయాంగ్‌కు వచ్చినపుడు బండ్లలో పాత పద్ధతి టోపీలు, పొట్టి అంగీలు ధరించిన స్త్రీలను చూసి అధికారులను మందలించాడు. నిషేధం వచ్చి నాలుగేండ్లు దాటినా రాజధాని వీధులలోనే అది పూర్తిగా అమలు కాలేదన్నమాట. ఆ యేటి ఏప్రిల్ 26న, దండయాత్రనుండి మరలే దారిలో అతడు మరణించాడు. లువోయాంగ్ ఉత్తరాన మాంగ్ కొండలలో, తాను శాసించినట్లే, అతని సమాధి ఉన్నది.

లువోయాంగ్ వైభవం తరువాత ముప్పదేండ్లు పెరిగింది. భారతదేశంనుండి వచ్చిన బోధిరుచి 508 నుండి అక్కడ సంస్కృతగ్రంథాలను అనువదించాడు. 518లో బయలుదేరిన సోంగ్‌యున్, హ్వెయ్‌షెంగ్ వాయవ్య భారతానికి వచ్చి 170 మహాయాన గ్రంథాలను తీసుకొనిపోయారు. కాని ఉత్తర సరిహద్దు దుర్గాలలో మిగిలిన సైనికులు పాతభాష మాట్లాడుతూ, పాతవేషంలోనే ఉండి, పదవులకు దూరమై దైన్యంలో పడ్డారు. ఒకప్పుడు గౌరవమైన కాపలా ఇప్పుడు శిక్షగా మారింది. 520 దశకంలో ఆరు దుర్గాలలో తిరుగుబాటు చెలరేగింది. 528లో ఎర్జు రోంగ్ అనే సేనాపతి లువోయాంగ్ సమీపంలో వేయికి మించిన ఉద్యోగులను వధించాడు. 534లో రాజ్యం తూర్పు, పడమరలుగా చీలింది. పశ్చిమ వెయ్ రాజ్యంలో పాత షియన్‌బెయ్ వంశనామాలు తిరిగి వచ్చాయి. యువాన్ మళ్లీ తువోబా అయింది. చీనా సేనాపతులకు కూడ షియన్‌బెయ్ పేర్లు లభించాయి. ఆ పునరుద్ధరణ సుయ్ వంశం రాకతో ముగిసింది.

ఉపసంహారం

షియావ్‌వెన్ విధానాల ఫలితాన్ని ఒక్కమాటలో తేల్చరాదు. సమభూమి విధానం సుయ్, తాంగ్ వంశాలలో 8వ శతాబ్ది వరకు సాగింది. రెండు జాతుల కలయికనుండి ఆ వంశాల పాలకవర్గం పుట్టింది. రాజ్యాన్ని కోల్పోయిన యువాన్ కుటుంబం చీనా సాహిత్యంలో స్థిరపడింది. తాంగ్ యుగపు ప్రసిద్ధకవి యువాన్ జెన్ (779–831), తరువాత యువాన్ హావ్‌వెన్ (1190–1257) ఆ వంశీయులే. తాతలు వీడిన భాషకు బదులుగా మనుమలకు లభించినది ఆ కవిత్వం. లోపం మరొకచోట ఉన్నది. రాజధానికి వచ్చినవారికి క్రొత్తభాష, దానితో పదవి దొరికాయి. సరిహద్దున మిగిలినవారికి ఆ రెండూ దొరకలేదు. భాష మారిన రేఖ వెంబడినే రాజ్యం చీలింది.

ఇక భాష విషయం. షియన్‌బెయ్ భాష కేవలం ఒక శాసనంవల్ల నశించలేదు. సైన్యంలో అది మరికొన్ని తరాలు బ్రతికినది. తనదైన సాహిత్యం గ్రంథస్థమై నిలవకపోవడంవల్ల, మాట్లాడేవారు తగ్గినపుడు దానికి ఆశ్రయం లేకపోయింది. అయితే రాజు తుడిచివేసిన వంశనామం మాత్రం పరభాషలలో నిలిచింది. 8వ శతాబ్దిలో మంగోలియాలోని ఓర్ఖోన్ లోయలో తురుష్కులు చెక్కిన శిలాశాసనాలలో చీనా దేశానికి తబ్గాచ్ అని పేరు. అది తువోబా శబ్దపు రూపమేనని భాషావేత్తలలో అధికుల అభిప్రాయం. చీనావారు కావాలని తమ పేరు మార్చుకొన్న వంశం, తన పాతపేరునే చీనా దేశమంతటికి పేరుగా ఇచ్చింది.